మా అయ్య అమ్మిన ఎడ్లు

మా మావ ఐపీ పెట్టిన సంగతి ఊరందరికీ తెలిసేక మాకు తెలిసింది.

అరవై ఎనిమిదో సంవత్సరం, శివరాత్రి వెళ్ళిన వారానికి. పొద్దున్నే నేను వీధరుగు అలుకుతున్నాను. ఎండుచేపల బుల్లమ్మ వచ్చి, నెత్తి మీద గంప దించకుండానే, మీ మావ ఉన్నాడా అని అడిగింది. శ్రీకాకుళం వెళ్ళేడని చెప్పేను. కోర్టుకేనా అంది. ఏమో, నాకు తెలీదన్నాను. ఆమె గంప దించి, నేను అలికిన తడి మీదే కూలబడిపోయింది. చీర పాడవుతుందని చెప్పినా లేవలేదు.

ఐపీ అంటే ఏమిటో ఆ పూట దాకా నాకు తెలీదు. మా అత్త నారాయణమ్మ వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి, నా మొహం చూడకుండా చెప్పింది. అప్పులు తీర్చలేను, నాకున్నదేదో తీసుకుని అందరూ పంచుకోండి అని కోర్టుకి రాసిచ్చుకోవడమట. దివాలా అన్న మాట ఆవిడ అనలేదు. ఆ మాట బయట అరుగు మీద నుంచి వినిపించింది.

మా మావ జగన్నాధం పుట్టుకతో రైతే. మా ఊరు రాజాంకి దగ్గర. ఊళ్ళో వాళ్ళు పండించిన గోగునార అరువుకి తీసుకుని, రాజాం షావుకార్లకి తోలి, డబ్బు చేతికొచ్చేక ఎవరిది వాళ్ళకి ఇచ్చేవాడు. ఏళ్ళ తరబడి మాట తప్పలేదు. అందుకే బుల్లమ్మలాంటి వాళ్ళు సముద్రపొడ్డు నుంచి వచ్చి కూడా, కొంగున కట్టుకున్న డబ్బు ఆయన దగ్గర దాచుకునేవారు. ఆ ఏడు ధర పెరుగుతాదని ఆయన నార అమ్మకుండా కొట్టులో ఆపేడు. ధర పెరగలేదు, పడిపోయింది. పడ్డ ధరకి తెగనమ్మడానికి మనసొప్పక ఇంకా ఆపేడు. ఈలోగా వానలకి కొట్టు కప్పు కారింది.

అంతకు ముందు దసరాల్లో ఇంకో సంగతి జరిగింది. మా మావ బండి కట్టించి, నన్నూ మా ఆయన చినబాబునీ రాజాం రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్ళి, కాలవ కింద ఎకరన్నర మడి నా పేర రాసేడు. కాగితంలో ఏముందో నేను చదవలేదు. చూపించిన చోట సంతకం పెట్టేను. కోడలి పేర భూమి రాసిన మావ మా చుట్టుపక్కల ఎవరున్నారు? నెల్లాళ్ళు నూతి దగ్గరికి నేను తలెత్తుకుని నడిచేను. అది తలుచుకుంటే ఈ రోజుకీ నా మెడ దానంతటదే వంగిపోతుంది.

*

చైత్రంలో రిసీవరు వచ్చేడు. శ్రీకాకుళం వకీలే, కోర్టు వేసిన మనిషి. అప్పుపడ్డవాడి ఆస్తికి విలువ కట్టి, అమ్మి, అప్పులవాళ్ళకి పంచడం ఆయన పని. పెద్దగొంతు లేని మనిషి. వంటగిన్నెలు, కట్టుబట్టలు, మెడలో సూత్రాలు చట్టం ముట్టుకోదమ్మా, భయపడకండి అని ముందే చెప్పేడు. ఆ తరువాత పందిరిమంచం, భోషాణం, గోడగడియారం ఒక్కొక్కటీ చూసి, గుమస్తా చేత రాయించేడు. ఊరంతా వీధిలో నిలబడి ఉంది. మా ఇంట్లో ఏ వస్తువు ఎంత చేస్తుందో ఆ రోజు అందరూ విన్నారు. మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్న భోషాణానికి ఆయన చెప్పిన ధర విని ఎవరో ముసలమ్మ, అంతేనా అంది. జాలిపడే అంది. మా అత్త లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

నార కొట్టు తలుపు తీసేసరికి బూజు కంపు వీధిలోకి కొట్టింది. కట్టలు దొంతర్లుగా ఉన్నాయి. అప్పుడు అసిరయ్య ముందుకొచ్చేడు. అతను మా పక్కింటి రైతు. ఆ ఏడు పంటంతా మా మావకే తోలేడు. దొంతర్ల మధ్యకి వెళ్ళి, ఒక కట్ట లాగి, దాని ముడి చూపించేడు. అతని పెళ్ళాం నారని జడలా అల్లి కడుతుంది. ఆ ముడి మాకూ తెలుసు.

"ఇవి నావి బాబూ. తడవనేదు కూడా. నావి నాను పట్టుకెల్పోతాను," అన్నాడు.

రిసీవరు తల అడ్డంగా ఊపేడు. "నువ్వు అమ్మేశావయ్యా. డబ్బు రాకపోయినా అమ్మకం అమ్మకమే. ఇప్పుడిది అప్పులవాళ్ళందరిదీ. అందరితో పాటు నీ భాగం నీకొస్తుంది."

"నా కట్టలో నాకు భాగమేటి బాబూ?"

ఆయన గుమస్తా వైపు తిరిగి, రాసుకో అన్నాడు. చట్టంలో జవాబు ఉంది, అది ముందే చెప్పేడు. అసిరయ్య ఆ కట్టని ఎక్కడ నుంచి తీసేడో అక్కడే పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు. మా మావ కొట్టు గుమ్మం దగ్గరే ఉన్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి పశువులు కాసేరట. ఆ రోజు అసిరయ్య ఆయన్ని ఒక్క మాట అన్లేదు. తిట్టి ఉంటే బాగుణ్ణని మా ఆయన తరువాత అన్నాడు.

తడిసిన నార ధర సగానికి రాసేరు. బూజు పట్టినదానికి ఏమీ రాయలేదు. అన్నీ అయ్యేక రిసీవరు, కాలవ కింద మడి సంగతేమిటని అడిగేడు. మా మావ లోపలి గుమ్మం వైపు చూసేడు. లోపలి నుంచి మా అత్త గొంతు వినిపించింది.

"అది మా కోడలిది. ఆళ్ళ అయ్య డబ్బెట్టి కొన్నాడు."

ఆ మాట నేను వినడం అదే మొదలు. వీధిలో ఉన్నవాళ్ళంతా నా వైపు చూసేరు. పెళ్ళినాడు నేను ఈ ఊళ్ళో బండి దిగినప్పుడు నా వెంట ఏం వచ్చిందో వాళ్ళందరికీ తెలుసు. ఒక రేకుపెట్టె, రెండు చీరలు, ఒక ఇత్తడి బిందె. రిసీవరుకి తెలీదు. ఆయన గుమస్తా చేత రాయించుకుని వెళ్ళిపోయేడు.

*

మా వకీలు చెప్పింది మా ఆయన ఇంటికొచ్చి చెప్పేడు. దివాలాకి ముందు రెండేళ్ళ లోపల రాసిన దస్తావేజు డబ్బు పుచ్చుకోకుండా రాసిందైతే కోర్టు కొట్టేస్తుంది. మడి కూడా అప్పులవాళ్ళకి పోతుంది. నిజంగా డబ్బిచ్చి కొన్నదైతే ఎవరూ కదపలేరు. మా దస్తావేజులో, కోడలు తన తండ్రి ఇచ్చిన రెండు వేలు చెల్లించి కొనుక్కుంది అని ఉంది. ఇక ఆ తండ్రి వచ్చి, ఇచ్చేనని చెప్పాలి.

మా అయ్య సూరయ్య. శ్రీముఖలింగం అవతల, వంశధార ఒడ్డున ఊరు. ఏరు ఒక ఏడు కోసుకుపోయి, ఇంకో ఏడు మేట వేసే నేల. ఆయనకి ఒక్కటే ఎద్దు. పక్కవాడి ఎద్దుతో జత కట్టి, వాడికి ఒక రోజు, తనకి ఒక రోజు దున్నుకునేవాడు. డబ్బు లేదు గాని ఆయన మాటకి ఊళ్ళో విలువ ఉండేది. గట్టు తగువులు వస్తే, సూరయ్యని పిలవండి అనేవారు. ఆయన వచ్చి, ఇదీ గట్టు అని కాలు పెడితే రెండు వైపులవాళ్ళూ ఊరుకునేవారు.

మా మావా, మా ఆయనా, నేనూ వెళ్ళేం. మా అమ్మ లక్ష్మణమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, అప్పటికప్పుడు పొయ్యి మీద ఎసరు పెట్టింది. మా మావ చాప మీద కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పేడు. తను చేసింది తప్పేనన్నాడు. ధర పడిపోతున్నప్పుడే భయమేసి, కొడుక్కి గుప్పెడు మెతుకులైనా మిగలాలని మడి నా పేర రాసేనన్నాడు. కొడుకు పేర రాస్తే పట్టుకుంటారని నా పేర రాసేడట. ఆ మాట చెప్తున్నప్పుడు నా వైపు చూడలేకపోయేడు.

"బావా, నిన్ను అడగడానికి నాకు మొహం నేదు. అడగతన్నాను," అన్నాడు.

మా అయ్య చివరిదాకా విన్నాడు. మా అమ్మ ఆయన్ని పెరట్లోకి పిలిచి, కట్నం గిట్నం అడక్కుండా మన పిల్లని చేసుకున్న మనిషి, ఇన్నేళ్ళలో ఒక్కనాడు ఎత్తిపొడవలేదు, ఈ రోజు మన గుమ్మంలో నిలబడ్డాడు అని మెల్లగా చెప్పింది. అందులో అబద్ధం ఏదీ లేదు. మా పెళ్ళికి పందిరి గుంజలు కూడా మా మావే తోలించేడు.

తరువాత మా అయ్య నన్ను పశువులశాల దగ్గరికి రమ్మన్నాడు. ఎద్దుకి గడ్డి వేస్తూ అడిగేడు.

"ఈ కాయితం సంగతి నీకు ముందే తెలుసేటే?"

"తెలీదయ్యా."

"నిజం సెప్పు."

"నీ మీద ఒట్టు. తెలీదు."

"అయితే సాలు," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. నాకేం కావాలో అడుగుతాడేమో, ఏం చెప్పాలా అని నేను అక్కడే నిలబడ్డాను. అడగలేదు. ఆ ఎద్దు నుదురు రుద్దుతూ ఉండిపోయేడు.

*

కోర్టుకి సెలవలు ఇచ్చే ముందు, వైశాఖంలో పిలుపొచ్చింది. వరండాలో ఒక వైపు మేము, ఇంకో వైపు అప్పులవాళ్ళు. అసిరయ్య వచ్చేడు. బుల్లమ్మ చేపల గంప లేకుండా వచ్చింది. గంప లేకుండా ఆమెని చూడడం నాకు అదే మొదలు. చిన్నదిగా కనిపించింది. లోపలికి పిలిచినప్పుడు అందరం ఒకే బెంచీల వరస మీద ఇరుక్కుని కూర్చోవలసి వచ్చింది. నా పక్క చోటు బుల్లమ్మది. ఆమె నన్ను తగలకుండా చెంగు దగ్గరికి లాక్కుంది.

ఆడమనిషి బెదిరిపోతాదని మా వకీలు నన్ను బోనెక్కించలేదు. మా ఆయన రెండు ముక్కలు చెప్పి దిగిపోయేడు. తరువాత మా అయ్యని పిలిచేరు.

ఆయన ఉతికిన పంచె కట్టుకొచ్చేడు. పైన చొక్కా మా ఆయనది. భుజాల దగ్గర వదులుగా ఉంది. దేవుడి మీద ప్రమాణం చేయించినప్పుడు ఆ మాటలు వాళ్ళు చెప్పినట్టే, తడబడకుండా చెప్పేడు. కూతురికి రెండు వేలు ఇచ్చేనన్నాడు. అంతవరకు ఎవరైనా చెప్పగలరు. అప్పులవాళ్ళ వకీలు లేచేడు. నీకున్న నేల ఎంత, అందులో ఏటి పొర్లు కింద పోయింది ఎంత, పండేది ఎంత అని ఒకటొకటిగా అడిగి, మరి ఆ డబ్బు ఎక్కడిదన్నాడు.

"కొంత గింజలమ్మినది. మిగతాది ఎడ్లమ్మినది," అన్నాడు మా అయ్య.

వకీలు నవ్వి, ఎలాంటి ఎడ్లయ్యా అన్నాడు. చిక్కేడనుకున్నాడు.

మా అయ్య బోను కర్ర మీద చెయ్యి వేసేడు. తరువాత చెప్పడం మొదలెట్టేడు.

"తెల్ల జత బాబూ. పెద్దదానికి మూపురం కాడ మసి రాసినట్టు నలుపు. సిన్నదాని కొమ్ములు లోపలికి తిరిగుంటాయి. అది కూతకి బెదురుతాది. మెడ కింద సెయ్యేసి, ఓరి నాయనా అంటే నిలబడిపోతాది. కాడి ఎత్తితే సాలు, దానంతటది వచ్చి తల దూర్చీసేది. కొట్టవలసిన పని నేదు. నాను కర్ర పట్టుకున్నాను గాని ఏనాడూ ఎత్తనేదు."

"అంత మంచి ఎడ్లు ఎందుకు అమ్మేవు?"

"పిల్ల ఉత్తసేతుల్తో ఎల్పోనాది బాబూ. ఊళ్ళో నలుగురూ ఆ మాట అనుకుంటారు గదా. నాకు ఆ బాధ ఉండిపోనాది."

అమ్మిన రోజు ఏం చేసేవని వకీలు మెల్లగా అడిగేడు. ఇంటికొచ్చి, కాడి తీసి అటక మీద పెట్టి, ఆ రాత్రి అన్నం తినలేదని చెప్పేడు మా అయ్య. చెప్తుంటే ఆయన రెండు చేతులూ కాడి ఎత్తినట్టే పైకి లేచేయి. జడ్జీగారు రాస్తున్న కలం ఆపి ఆయన వైపు చూసేరు. వకీలు కూర్చున్నాడు.

ఆ ఎడ్లు నాకు తెలుసు. నా చిన్నప్పుడు పొలం నుంచి ఇంటికి నడిచి వస్తూ మా అయ్య వాటి గురించి చెప్పేవాడు. ఎప్పుడో ఒక ఏడు పంట బాగా పండితే సంతకి వెళ్ళి అలాంటి జత కొంటానని. మూపురం దగ్గర నలుపు, లోపలికి తిరిగిన కొమ్ములు. ఆ బెదురు కూడా ఆయన అప్పుడే అనుకున్నదే. ఏ ఏడూ కొనలేదు.

నేను బెంచీ మీద తల వంచుకున్నాను. నా పక్కన బుల్లమ్మ కళ్ళు తుడుచుకుంటోంది.

బయటికొచ్చేక మా మావ మా అయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. అరసవల్లి వెళ్ళి దండం పెట్టుకుని వద్దామన్నాడు. అందరం వెళ్ళేం. గుడి దగ్గర మా అయ్య, మీరు వెళ్ళిరండి, నేను చెప్పులు చూస్తుంటాను అన్నాడు. చెప్పులున్నది మా మావకి ఒక్కడికే. మేము తిరిగొచ్చేసరికి ఎండలో ఆ చెప్పుల జత పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చొక్కా విప్పి, మడత పెట్టి, మా ఆయన చేతికిచ్చేడు.

*

తీర్పు మా వైపే వచ్చింది. మడి మాకు దక్కింది. నారా, కొట్టూ, సామానూ అమ్మగా అప్పులవాళ్ళకి రూపాయికి మూడణాలు వచ్చేయి. అందులో ఖర్చులు పోయేయి.

మమ్మల్ని ఊళ్ళో ఎవరూ వెలివేయలేదు. పెళ్ళికి పిలిచేవాళ్ళు పిలిచేరు. పొయ్యిలోకి నిప్పు అడిగితే ఇచ్చేరు. మా మావ మాత్రం నడివీధిన నడవడం మానేసి, ఎక్కడికెళ్ళాలన్నా పెరటి దారిన, పొలం గట్ల మీద నుంచి తిరిగి వెళ్ళేవాడు. ఆషాఢం వచ్చింది, కాలవకి నీళ్ళొచ్చేయి. నాట్లకి మనుషుల్ని పిలవడానికి మా అత్త వీధివీధీ తిరిగింది. మాకు మడి ఉంది, మాకు కూలి కుదిరిపోయింది, మా పిల్లకి ఒంట్లో బాగోలేదు అన్నారు. ఏటా ఒకరి మడిలో ఒకరు నాటుకునే ఊరు అది. మా మడిలోకి ఎవరూ దిగలేదు.

ఆ రోజుల్లోనే బుల్లమ్మ మళ్ళీ మా వీధికి వచ్చింది. తీర్పు తరువాత వస్తుందనుకోలేదు. గంప దించి, మామూలుగా చేపలు చూపించింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయేను. ఆమెకి ఆ మూడణాల వాటా కింద ఎంతొచ్చిందో అడగాలనిపించింది, అడగలేకపోయేను. ఆమే మాట ఎత్తింది.

"మీ అయ్యకి ఎడ్లు నేవు గదా?"

నేను చేట తెచ్చి ఆమె ముందు పెట్టేను.

"నాకప్పుడే తెలుసమ్మా. ఉన్నోడు అంత సక్కగా సెప్పడు. ఉన్నోడికి ఆటితో యాష్టే, ఇసుగే ఉంటాది." పిడికెడు చేపలు తీసి చేటలో వేసింది. "నాకూ ఒక కూతురున్నాది. దానికోసమైతే నానూ సెబుదును. అదీ నా ఏడుపు. ఆయన్ని తిట్టుకుందామన్నా నోరు రాదు."

డబ్బులివ్వబోతే తీసుకుంది. మామూలు ధరే, తక్కువా ఎక్కువా కాదు. లెక్క చూసుకుని, కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కొంగు ముడి ఇక ఎవరి దగ్గర విప్పదని నాకు అనిపించింది.

మా ఊళ్ళో నాట్లకి మనుషులు దొరకడం లేదని మా అమ్మకి ఎలా తెలిసిందో తెలీదు. శ్రావణం మొదట్లో ఒక పొద్దుట ఇద్దరూ వచ్చేరు. మా ఇంటికి రాకుండా నేరుగా మడికే వెళ్ళేరు. మా ఆయనా నేనూ వెళ్ళేసరికి మా అమ్మ నారు పీకుతోంది, మా అయ్య గోచీ పెట్టుకుని మోకాలి లోతు బురదలో వంగి నాటుతున్నాడు. నాటు ఆడవాళ్ళ పని. మగవాడు నాటగా నేను అంతకు ముందు చూడలేదు. నేను దిగి పక్క వరస అందుకున్నాను. మా ఆయన నారు కట్టలు అందిస్తున్నాడు.

మధ్యాహ్నం గట్టు మీద బువ్వ తింటున్నప్పుడు మా అమ్మ చెప్పింది. కోర్టుకి ఆ రోజు వేరే పని మీద వచ్చిన మా పుట్టింటి ఊరివాడు ఒకడు అంతా విన్నాడట. ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదట. జ్యేష్ఠంలో రెండు గట్టు తగువులు వచ్చేయట. మీ అయ్యని పిలవలేదు అంది. మా అయ్య అప్పుడే చెయ్యి కడుక్కుని మడిలోకి దిగిపోయేడు.

పొద్దు వాలుతుండగా ఎవరో పొరుగూరి రైతు గట్టు మీదికి వచ్చేడు. మంచి పంచె, చేతిలో గొడుగు. వాళ్ళ నారుమడి కుళ్ళిపోయిందట, నారు మిగిలితే కొనుక్కుంటానన్నాడు. మా ఆయన కట్టలు లెక్కపెట్టడానికి వెళ్ళేడు. ఆ రైతు మడి నాలుగు మూలలూ చూసి, బంగారంలాంటి నేలమ్మా, ఎవరిది అని అడిగేడు.

మా అయ్య చేతులు నీళ్ళలో ఆగేయి. తల ఎత్తలేదు.

"నాదే," అన్నాను. "మా అయ్య కొనిచ్చేడు."

"పెట్టి పుట్టేవు," అన్నాడతను. తరువాత మా అయ్య వైపు గొడుగు చూపించేడు. "ఈ ముసిలోడు మంచి పనోడే. కూలెంత తీసుకుంటన్నాడు?"

మా అయ్య నడుం ఎత్తి, బురద చేత్తో నుదుటి మీద చెమట తుడుచుకుని, "అందరికీ ఇచ్చేదే ఇస్తన్నారు బాబూ," అన్నాడు. ఇక్కడ ఖాళీ అయ్యేక మా వైపు రా అన్నాడు ఆ రైతు. అలాగేనన్నాడు మా అయ్య. అతను నారు కట్టలు తన వెంట వచ్చిన కూలివాడి నెత్తికెత్తించి గట్టు దిగిపోయేడు.

"ఆయన మా అయ్య," అన్నాను.

అప్పటికి అతను వినపడనంత దూరం వెళ్ళిపోయేడు. విన్నది మా అయ్య ఒక్కడే. ఆయన చేతిలోని కట్ట విప్పి, మళ్ళీ వంగి, నాటుకుంటూ ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ పోయేడు.